ఈకతో ఈగ

మన భాషలో ఈకకూ ఈగకూ ఒక్క అక్షరమే తేడా. ఆ ఒక్క అక్షరాన్ని మార్చడమే ఒక విద్య అని నలభయ్యో యేడు దాటేదాకా నాకు తెలియదు. కోడిమెడ ఈకను గాలపు ముల్లుకు పట్టుదారంతో చుట్టి కడితే అది నీటిమీద వాలిన ఈగలాగా నిలుస్తుంది. చేప నిజమనుకొని నోరు తెరుస్తుంది. ఎర్రలు తవ్వే పని లేదు, పిండి కలిపే పని లేదు, చేతికి నీచువాసన అంటదు. ఇంగ్లీషువారు దీనిని ‘ఫ్లై’ కట్టడమంటారు. శాకాహారులైన పాఠకులు యిక్కడితో పుట తిప్పవద్దని మనవి. నేను వ్రాయబోయేది చేపల కూర గురించి కాదు, కోడి ఈక గురించి.

“చిక్కబళ్ళాపురంలో చేపలా? మీకు నీళ్ళెక్కడున్నాయయ్యా?” అని బెంగుళూరు బంధువులు వేళాకోళం చేస్తారు. వారి మాటలో అబద్ధమేమీ లేదు. పెన్న, పాపాఘ్ని, చిత్రావతి మా నంది కొండల వరుసలోనే పుట్టి, మా దగ్గర నిలవకుండా ఆంధ్రదేశానికి వెళ్ళిపోతాయి. మాకు మిగిలినవి చెరువులే. పెద్దలు కట్టిన ఆ చెరువుల్లో చాలా భాగం యేళ్ళ తరబడి ఎండి, తుమ్మచెట్లు మొలిచి పడివుండేవి. 2021లో కురిసిన వానలకు కందవార చెరువు మొదలు చిన్నాచితకా కుంటల దాకా నిండి మరవలు పారాయి. హెబ్బాళ, నాగవార లోయల నుంచి శుద్ధి చేసి పంపుతున్న బెంగుళూరు నీళ్ళు కూడా కొన్ని చెరువులకు వస్తున్నాయి. ఆ నీళ్ళ మంచిచెడ్డలు వేరే వ్యాసానికి తగిన విషయం. మొత్తానికి నీళ్ళు వచ్చాయి. నీళ్ళతో పరిగెలూ, కొరమీనూ, జిలేబి అని పిలిచే తిలాపియాలూ వచ్చాయి.

ఆ మరుసటి సంవత్సరం మా ఆఫీసుకు బదిలీ మీద ఒక అధికారి వచ్చారు. కొడగు మనిషి. కన్నడం, ఇంగ్లీషు తప్ప మా తెలుగు రాదు. ఆదివారాలు చెరువుగట్టున సన్నని కర్ర ఒకటి పట్టుకొని, కొరడా ఝళిపించినట్టు గాలిలో దారం ఆడిస్తూ కనిపించేవారు. గొర్రెల కాపరులు ఆయనకు మతి స్థిమితం లేదని తీర్మానించుకున్నారు. నేను మెట్రిక్‌తో చదువు ముగించి ఫైళ్ళు నడుపుకునే గుమాస్తాను. ఆయన సరదాలతో నాకేమి పని? ఒకనాడు సంతకాలన్నీ అయిపోయాక ఆయన కలం మూసి, “ఏమయ్యా, మీది బాగేపల్లి తట్టు పల్లె కదూ? ఇంట్లో కోళ్ళున్నాయా?” అన్నారు.

“ఉన్నాయి సార్, మా అమ్మ పెంచుతుంది.”

“బాయిలరా, నాటువా?”

“నాటువే సార్.”

“పుంజుకు వయసెంత?”

కోడి బరువెంత అని అడిగినవారిని చూశాను గాని, వయసడిగిన మనిషిని అంతకుముందు చూడలేదు. ఆయన వూళ్ళోని కోడి అంగళ్ళన్నీ తిరిగి విసిగిపోయారట. అంగట్లో అమ్మే బాయిలరు కోడికి నిండా రెండు నెలలుండవు. దానికి మెడ మీద వుండేది నూగు, ఈక కాదు. పుంజు కూత నేర్చి, ఒక యేడాది తిరిగి, ఒకసారి ఈకలు రాల్చి మళ్ళీ తొడిగితే గాని మెడ మీద పనికివచ్చే ఈక రాదు. రెండో యేటి ఈక మొదటి యేటి దానికన్న మేలు. పెట్టకు యెన్నేళ్ళొచ్చినా ఆ ఈక రానేరాదు.

మా వూళ్ళో గంగమ్మ జాతరకు పుంజును కోస్తారు. మెడతోలు ఎవరికీ అక్కరలేదు, కుక్కల పాలు. ఆ యేడు మా యింటి పుంజు మెడతోలును ఈకలతో సహా వొలిచి, చెక్క మీద బిగించి, లోపలివైపు కొవ్వు గీకి, బోరాక్సు పొడి చల్లి నీడన ఆరబెట్టాను. ఎండలో పెడితే తోలు ముడుచుకుపోతుంది, కాడలు పెళుసెక్కుతాయి. వారం తరువాత దానిని సబ్బునీళ్ళతో కడిగి మళ్ళీ ఆరబెట్టి ఆయనకిచ్చాను. నిన్నటిదాకా అమ్మవారి జాతరలో పారవేసిన వస్తువును ఆయన రెండు చేతులా అందుకొని, కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి చూచిన తీరు చూస్తే నాకే సిగ్గేసింది.

ఈకను ఎంచడం ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఇది చెప్పడం సులభం, చెయ్యడం అలవాటు మీద రావాలి. మెడతోలును నెత్తి దగ్గర నుంచి భుజాల దాకా పరచి చూస్తే ఈకలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. నెత్తి దగ్గరివి చిన్నవి, కిందికి వచ్చేకొద్దీ పెద్దవి. ఒక్క మెడలోనే అరడజను సైజుల ముళ్ళకు సరిపడే ఈకలుంటాయి. తోక మొదట వీపు మీద జారే పొడుగాటి ఈకలు వేరు. అవి పొడుగేగాని అన్నీ ఇంచుమించు ఒకే కొలత. నాటుపుంజుకు అవి కాస్త మెత్తన కూడా. అందుకే ముందు మెడ చూడాలి.

ఒక ఈకను పెరికి, మొదటా కొసా రెండు వేళ్ళతో పట్టుకొని విల్లులాగా వంచాలి. అప్పుడు పోచలు విడివిడిగా, ముళ్ళపంది ఒంటి ముళ్ళలాగా నిక్కబొడుచుకోవాలి. గుడ్డపీలికలాగా ఒకదానికొకటి అతుక్కొని వాలిపోయాయా, దానిని పక్కన పెట్టవలసిందే. తరువాత వెలుతురుకు అడ్డంగా పట్టి చూడాలి. కాడకు రెండు వైపులా మసకగా నూగు కమ్ముకొని వుంటుంది. ఆ నూగు నీళ్ళు పీలుస్తుంది. అది ఈక మొదట్లోనే ఆగిపోయి పైకి పాకకుండా వుంటే మంచి ఈక. సగం దాకా పాకితే అది నీటిలో మునిగే రకానికే పనికివస్తుంది. కడపటి పరీక్ష పెదవి. పోచల కొసలు పై పెదవికి తగిలిస్తే చురుక్కుమనాలి. ఆఫీసరు గారు ఈకను పెదవికి ఆనించుకొని కళ్ళు మూసుకొని కూర్చుంటే జవాను కాఫీ తెచ్చి, ఏమీ చూడనట్టు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు.

ఇంత పరీక్ష ఎందుకంటే, నీటిమీద నిలిచే ఈగ తేలికగా వుండడం వల్ల మాత్రమే తేలదు. నీటి పైపొర ఒక పలుచని తోలు వంటిది. దోసెడు నీళ్ళలో సూదిని అడ్డంగా మెల్లగా వదిలితే తేలడం పిల్లలు కూడా చూచే వుంటారు. గట్టి పోచల కొసలు ఆ పొరను గుచ్చకుండా దాని మీద కాళ్ళూనుకున్నట్టు నిలుస్తాయి. చెరువు మీద పరుగెత్తే నీటిసాలీడు చేసే పనీ అదే. పోచ మెత్తనయితే కాలు జారినట్టు జారి, నూగు తడిసి, ఈగ మునిగిపోతుంది.

కొలత కూడా చూడాలి. పోచ పొడుగు ముల్లు నోటి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు, మహా అయితే రెండు రెట్లు. అంతకు మించితే ఈగ గొడుగులాగా గాలికి తిరుగుతుంది. ముళ్ళ నంబర్ల లెక్క తలకిందులు. పన్నెండో నంబరుకన్న పదహారో నంబరు చిన్నది. మా నాటుపుంజు మెడలో పది, పన్నెండు, పద్నాలుగు నంబర్లకు కావలసినన్ని ఈకలు దొరుకుతాయి. పదహారుకు వెతకాలి, ఆ పైన ఆశ వదులుకోవాలి. ఈక పొట్టిది కాబట్టి ఒక్కో ఈగకు రెండు కావాలి.

అమెరికాలో ఈ పనికోసమే కోళ్ళను పెంచేవారున్నారు. ఆరెగాన్ రాష్ట్రంలో హెన్రీ హాఫ్‌మన్ అనే ఆయన యేళ్ళ తరబడి నలుపూ తెలుపూ చారల పుంజులను ఎంచి ఎంచి జత కట్టించి, పొడుగాటి సన్నని ఈక వచ్చేట్టు చేశాడు. ఆ కోళ్ళను 1989లో టామ్ వైటింగ్ అనే ఆయనకు అమ్మాడు. కొలరాడోలోని వైటింగ్ గారి ఫారము ఈకలు ఇప్పుడు దేశదేశాలకు వెళ్తున్నాయి. 2011లో అక్కడి ఆడపిల్లలు ఆ ఈకలను జడల్లో అతికించుకునే మోజులో పడితే, చేపలవాళ్ళకు ఈక దొరక్క ధరలు ఆకాశానికి అంటాయట. ఆఫీసరు గారి దగ్గర అటువంటి వీపు ఈక ఒకటి వుండేది. జానెడు పైగా పొడవు, మొదటి నుంచి కొస దాకా ఒకే కొలత, నాలుగైదు ఈగలకు సరిపోతుంది. నిజం ఒప్పుకోవాలి గనుక ఒప్పుకుంటాను: తేలడంలో మన నాటు ఈక దానికి సాటి రాదు. కాని ఒక్క మెడ ధరకు మా యింటికి నెల వెచ్చాలు వస్తాయి. ఒకప్పుడు ఇంగ్లాండు, అమెరికాలలో మామూలు మనుషులు వాడినవి ‘ఇండియన్ నెక్స్’ అనే మన దేశపు పుంజుల మెడలే. చవక గనుక కొనేవారు. చవక గనుక చులకనగా మాట్లాడేవారు.

ఈ విద్య ఇంగ్లీషువాడిదని నేననుకున్నాను గాని అదీ కాదు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఈలియన్ అనే రోము రచయిత గ్రీకు భాషలో జంతువుల గురించి ఒక గ్రంథం వ్రాశాడు. మాసిడోనియాలో ఒక నది దగ్గర జనం ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, కోడి గొంతు కింద వేలాడే ఎర్రతోలు అడుగున పెరిగే మైనపురంగు ఈకలు రెండు దానికి కట్టి, చేపలు పడతారని అందులో వుంది. రెండు ఈకలు! మా వూరి లెక్కే. స్పెయిన్ దేశంలో లియాన్ అనే చోట కురుయేన్యో నదీలోయలోని పల్లెల్లో ఈకల కోసమే పుంజులను పెంచుతారు. 1624లోనే అక్కడ ఈ ఈగల పట్టికను ఒకాయన వ్రాసిపెట్టాడు. వాళ్ళు పుంజును చంపరు. ఏడాదికి కొన్నిసార్లు ఈకలు పెరికి మళ్ళీ వదులుతారు, పుంజు యేళ్ళ తరబడి బతుకుతుంది. ఈ సంగతి మా అమ్మకు చెప్పి, మనమూ చేద్దామా అన్నాను.

“నీ నెత్తి మీద వెంట్రుకలు యేడాదికి మూడు తూర్లు పీకితే నీకెట్లుంటాది నాయనా?” అంది.

ఆ ప్రస్తావన అక్కడితో సరి.

మన దేశంలోనూ ఇంగ్లీషు దొరలు ఈ పని చేశారు. మద్రాసు సివిల్ సర్వీసులో వుండిన హెచ్. ఎస్. థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనీ, 1887లో కేవలం చెరువుల వేట గురించి ‘ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా’ అనీ పుస్తకాలు వేశాడు. మన చెరువుల కోసం ఒక దొర పుస్తకమే వ్రాశాడని తెలిసి నాకు సంతోషమే అయింది. మన పంచాయతీవాళ్ళు చెరువు గురించి ఒక కాగితం వ్రాస్తే అది పూడిక ఎస్టిమేటే.

ఇక రంగులు. ఇక్కడ మాత్రం మనవాళ్ళు ఎవరికీ తీసిపోరు. మా తాత పుంజును దూరం నుంచి చూచి పేరు చెప్పేవాడు. ఎర్రదయితే డేగ, నల్లదయితే కాకి, పసుపు చాయ తిరిగితే నెమలి. మా మేనత్త కొడుకు భీమవరంలో వుద్యోగం; ఆ తట్టు కుక్కుటశాస్త్రంలో యింకా చాలా పేర్లున్నాయని ఫోనులో వరసగా చెప్పాడు. తెల్లది సేతువ. లేత బంగారు వన్నె అబ్రాసు. ఎరుపూ బూడిదా కలిస్తే మైల. ఒక్కొక్క ఈకలోనే నలుపు, తెలుపు, ఎరుపు మూడూ వుంటే పూల. కోడిపందేలను నేను సమర్థించను. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం వాటిని నిషేధించింది కూడా. కాని పందెం కోసమయినా సరే ఇంత చూపు చూచి పేర్లు పెట్టినవారి కన్ను గొప్పదనక తప్పదు. ఈగలు కట్టే దొరలకూ సరిగ్గా ఇటువంటి పట్టికే వుంది. అబ్రాసును వాళ్ళు లేత ‘జింజర్’ అంటారు, అంటే అల్లం. మధ్యన నలుపు, అంచున ఎరుపు వుంటే ‘ఫర్నేస్’, అంటే కొలిమి. బొగ్గు చుట్టూ నిప్పు రాజుకున్నట్టు వుంటుంది, మంచి పేరు. మన పూలను వాళ్ళు ‘క్రీ’ అంటారు. ఎంత డబ్బు పెట్టి జత కట్టించినా క్రీ పుంజు అడిగినప్పుడు పుట్టదనీ, దానంతట అది పుట్టవలసిందేననీ చెప్పుకుంటారు.

రంగు గురించి నా అభిప్రాయం వేరు. చేపకు ముందు కొలత, తరువాత నిలిచే తీరు, ఆ తరువాతే రంగు. రంగు ఎక్కువగా మనిషి కోసమే. అయినా బూడిదరంగు ఈక కావాలంటే మా తట్టు దొరకదు గనుక, కలంకారీవాళ్ళు నలుపు తీసే పద్ధతిని బాగా పలుచన చేసి, కరక్కాయ కషాయంలో తెల్ల ఈకలను నానబెట్టి తుప్పునీళ్ళలో ముంచి చూశాను. వానమబ్బు రంగు వచ్చింది. మా ఆవిడ కరక్కాయలు కనిపించక ఇల్లంతా వెతికింది.

దారానికి మేము ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు. పట్టుగూళ్ళ సంతకు పేరుపడ్డ శిడ్లఘట్ట మా జిల్లాలోనే వుంది. అక్కడి పట్టుపోగును రెండు పేటలు కలిపి తేనెమైనం మీద లాగితే గాలపు దారం తయారు. పాతకాలంలో ముల్లుకు ముందు కట్టే సన్నని తంతువు కూడా పట్టుపురుగు యిచ్చిందే. గూడు కట్టబోయే పురుగు కడుపులోని పట్టుతిత్తిని వినిగరులో వూరవేసి చేత్తో సాగదీసేవారు. స్పెయిన్‌లోని మూర్సియా ఆ పరిశ్రమకు పెట్టింది పేరు. నైలాను వచ్చి దానిని మింగేసింది.

కట్టే పని నాకు ఆఫీసు పనికన్న సులభంగానే పట్టుబడింది. ఫైళ్ళకు ట్యాగు కట్టిన వేళ్ళు కదా! ముల్లును చిన్న వైసులో బిగించి, పట్టుదారం చుట్టి, నాలుగు గట్టి పోచలు తోకగా పెట్టాలి. ఒంటికి ఆ దారమే చాలు. ఈక మొదట్లోని నూగునంతా గీకి పారవేసి, బోడికాడను ముల్లు కంటికి కాస్త వెనుక కట్టాలి. కొసను చిన్న క్లిప్పుతో పట్టుకొని, నిగనిగలాడే వైపు ముందుకు వుండేట్టు, ఒక చుట్టును ఆనుకొని మరొక చుట్టు, ఐదో ఆరో చుట్లు తిప్పాలి. కాడ మెలి తిరిగిందా, పోచలు అడ్డదిడ్డంగా పడతాయి. విప్పి మళ్ళీ మొదలు. చివర ముడి మీద ఒక చుక్క గోళ్ళరంగు వేస్తే దారం వూడదు. ఆ సీసా మా అమ్మాయిది. నెలకొకటి ఎందుకు అయిపోతున్నదని దాని తల్లి దానిని కోప్పడేది. నీటిలో మునిగే ఈగకు మాత్రం పెట్ట ఈక. అది మెత్తగా నీళ్ళు తాగి, లోపల పురుగు కాళ్ళాడించినట్టు కదులుతుంది. జిలేబి చేపకు అదే రుచి.

మా తట్టు ఈ పనికి అసలు ముహూర్తం తొలకరి. మొదటి గట్టి వాన వెలిసిన సాయంకాలం పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి. పల్లెలో పిల్లలు దీపం కింద నీళ్ళ పళ్ళెం పెట్టి వాటిని పట్టి, అవ్వల చేత వేయించుకు తింటారు. ఆ ఉసిళ్ళే చెరువు మీద రాలినప్పుడు నీళ్ళు ఉడుకుతున్నట్టు పరిగెలు పైకి లేస్తాయి. అబ్రాసు ఈకతో పద్నాలుగో నంబరు మీద కట్టిన ఈగను అప్పుడు వాటి మధ్య వదలాలి. గుడిబండ భైరసాగరం చెరువు దగ్గర, చేపల గుత్తదారు సంఘంవాళ్ళను అడిగి అనుమతి తీసుకొని, ఒక సాయంత్రం నేనూ ఆఫీసరు గారూ అరగంటలో పదిహేడు పరిగెలను పట్టి మళ్ళీ నీళ్ళలో వదిలాము. ముల్లుకు వుండే ఎదురుముల్లును నొక్కివేస్తాము గనుక చేపకు పెద్ద గాయం కాదు. అంతసేపూ పైన ఉసిళ్ళూ కింద మా ఈకల ఈగలూ. ఏది ఏదో నాకే తెలియలేదు.

రెండేళ్ళ కిందటి వేసవిలో మా పల్లెకు కొక్కెర తెగులు వచ్చింది. పుస్తకాల్లో దీనిని రాణిఖేత్ వ్యాధి అంటారు. కోడి ఆకుపచ్చగా రెట్ట వేసి, మెడ మెలితిప్పుకొని, రెండు మూడు రోజుల్లో పడిపోతుంది. పది రోజుల్లో వీధి వీధంతా మూగపోయింది. తెల్లవారుజామున కూత లేని పల్లె ఎట్లా వుంటుందో అప్పుడు తెలిసింది. మా అమ్మ బుట్టల్లో ఇరవైకి పైగా వున్న కోళ్ళలో రెండు పెట్టలూ, ఒక పుంజూ మిగిలాయి. ఆ పుంజు పూల. మెడ నిండా నలుపూ తెలుపూ ఎరుపూ గీతలు గీతలుగా, ఒక్కొక్క ఈకా దిద్ది పెట్టినట్టు వుంటుంది. దాని తాతముత్తాతలు మా అవ్వ కాలం నుంచి మా పెరట్లో తిరిగినవే.

తెగులు తరువాత చాలా ఇళ్ళవాళ్ళు గిరిరాజ పిల్లలు తెచ్చుకున్నారు. బెంగుళూరు పశువైద్య కళాశాలలో తయారయిన ఆ కోడి మంచిదే. బరువుకు బరువు, గుడ్డుకు గుడ్డు. బీదవారికి లాభం. దాని మెడ ఈకను కూడా వంచి చూశాను. వెడల్పుగా, మెత్తగా, నూగు సగం దాకా పాకి వుంది. ఈక కోసం ఎవరూ కోడిని పెంచరు గనుక దానిని తప్పు పట్టను. కాని వీధిలో నాటుపుంజు లేకపోతే, మిగిలిన నాటుపెట్టలు ఎవరితో జత కట్టేను? నాలుగైదు తరాలకు ఆ గట్టి ఈక పెరటి నుంచే పోతుంది. ఎవరూ గమనించను కూడా గమనించరు.

ఈ సమయంలోనే ఒక వ్యాపారి మా యింటికి వచ్చాడు. చేపల వేట సామాను అమ్మేవాడు. నా దగ్గరి ఈకల ఫోటో ఎవరో చూపించారట. పుంజును చూచి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. “సార్, మెడా వీపూ కలిపి ఆరువేలు యిస్తాను. మాంసం మీరే ఉంచుకోండి” అన్నాడు. మా అమ్మాయి కాలేజీ ఫీజు రెండో కంతుకు గడువు పది రోజులుంది. నేను జవాబు చెప్పకుండా అమ్మ వైపు చూశాను. అమ్మ చేటలో రాగులు చెరుగుతూ తల ఎత్తలేదు.

అతను నా మౌనాన్ని బేరమనుకున్నాడు. గొంతు తగ్గించి, “పోనీ, నంది కొండ దిగువన అడవికోళ్ళున్నాయి కదా. ఒక్క పుంజు మెడ సంపాదించి పెట్టండి. దానికి ఇంతకు రెండింతలు” అన్నాడు.

అడవికోడి పుంజు మెడ ఈకల్లో కాడ కొసన వెడల్పయి, లక్క పూసినట్టు, మైనపు చుక్క పెట్టినట్టు మెరుస్తుంది. అటువంటి ఈక అరుదు. సామన్ చేపకు దొరలు కట్టే పెద్ద ఈగలకు చెంపన ఆ చుక్క ఈక వుండాలని ఒక పట్టుదల. అందుకోసం ఒకప్పుడు మన దక్షిణదేశపు అడవికోళ్ళు మెడలుగా మూటలు కట్టి ఓడలెక్కాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక దానిని వేటాడడం నేరం. ఇప్పుడు ఇంగ్లాండులో పంజరాల్లో పెంచుకొని ఆ ఈక తీసుకుంటున్నారు. మామూలు ఈక మీద గోళ్ళరంగుతో చుక్క పెట్టి సరిపెట్టుకునేవారూ వున్నారు. 2008లో శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సంగతి ఒకటుంది. కోళ్ళన్నిటికీ మూలపురుషుడు ఎర్ర అడవికోడే అయినా, పెంపుడు కోళ్ళకు పసుపుపచ్చని కాళ్ళు వచ్చింది మాత్రం మన బూడిదరంగు అడవికోడి నుంచేనట. హాఫ్‌మన్ గారి పుంజుకు కాళ్ళు పచ్చగా వుంటే ఆ పచ్చదనం దక్షిణదేశపు అడవిదన్నమాట. నంది కొండ దిగువన తెల్లవారుజామున దాని కూత నేను విన్నాను. పెంపుడు పుంజు కూతలాగా సాగదు; ముక్కలు ముక్కలుగా, గొంతు పట్టుకున్నట్టు వుంటుంది.

“అది నావల్ల కాదు. ఇంకెవరినీ అడగవద్దు కూడా” అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, అతను లేచి చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, “పోనీ పెంపుడు పుంజు మాటేమిటి? ఏడువేలు” అన్నాడు.

అప్పుడు అమ్మ చేట కింద పెట్టింది. “ఏమప్పా, ఏడువేలు వారానికి అయిపోతాది. ఇది పోతే నా పెట్టలకు పుంజెవడు తెచ్చిస్తాడు? వీధిలో ఇంకొకటి వుంటే చూపించు, దీన్ని నీకు వూరికే యిస్తా” అంది. అతను వీధంతా చూచివచ్చినవాడే గనుక మాట్లాడలేదు. ఫీజుకు నేను మా సహకార సంఘంలో అప్పు తీసుకున్నాను. ఆ కంతులు ఈ మధ్యనే తీరాయి.

ఆ యేడు ఆశ్వయుజంలో పుంజు ఈకలు రాల్చడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున మా అమ్మాయి బుట్ట ఎత్తగానే కింద రెండో మూడో మెడ ఈకలు దొరికేవి. పెరకనక్కరలేదు, కొయ్యనక్కరలేదు. ఒక యేడు మోసిన ఈకలు గనుక కొసలు రోంత అరిగివుంటాయి. వంచి చూస్తే పదింటిలో ఆరేడు పనికివస్తాయి. కడిగి, ఆరబెట్టి, సైజువారీగా పాత పెళ్ళిపత్రికల కవర్లలో వేసి, పురుగు పట్టకుండా ఎండిన వేపాకూ ఒక నాఫ్తలీను గోలీ పెట్టి, పైన నంబరు వ్రాసి పెట్టాము. కార్తీకం ముగిసేసరికి నూటపదకొండు ఈకలయ్యాయి. ఒక మెడతోలులో వుండే వాటికి ఇది ఏ మూలకూ చాలదు. కాని పుంజు దడి మీద కూస్తూనే వుంది.

పెట్టలు రెండూ పొదిగి లేపిన పిల్లలకు పశువుల ఆసుపత్రి నుంచి మందు తెచ్చి మొదటి వారంలో కంటిలో చుక్కలు, ఎనిమిదో వారంలో సూది వేయించాము. ఆ మందును చల్లగా వుంచాలి గనుక, ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకొని బాగేపల్లి నుంచి బస్సులో తెచ్చేవాణ్ణి. పదకొండు పిల్లల్లో తొమ్మిది బతికాయి. అందులో పుంజులు మూడు. ఒకటి డేగ అయింది. ఒకటి నల్లగా కాకి రంగుకు తిరిగింది. దానిని అమ్మ ఎదురింటి వాళ్ళ నాటుపెట్టలకని వుచితంగా యిచ్చేసింది. మూడోదాని మెడ మీద మాత్రం ఆరో నెలలో మూడు రంగుల గీతలు సన్నగా కనిపించాయి. అమ్మ దానిని ఎత్తి ఒడిలో పెట్టుకొని, “ఇది దాని నాయన పోలికే” అంది. నేను ఒక్క ఈక వంచి చూస్తానంటే చెయ్యి తట్టివేసింది.

ఆఫీసరు గారు పోయిన యేడు రిటైరయి కొడగుకు వెళ్ళిపోయారు. వయసు మీదపడి చిన్న ఈకలు కంటికి ఆనడం లేదనీ, సైజులు వేరు చేసి పంపితే కట్టుకుంటాననీ జాబు వ్రాశారు. పన్నెండో నంబరువి ఇరవైనాలుగు, జత చూచి, విడిగా తీసి పెట్టాను. పద్నాలుగోవి తొమ్మిదే వున్నాయి. కొత్త పుంజు ఈ ఆశ్వయుజంలో మొదటిసారి నిండుగా ఈకలు రాలుస్తుంది. అవి చూచుకొని రెండూ కలిపే పంపుతానని ఆయనకు కార్డు వ్రాశాను.